అరశ్రుతి ఎక్కువ

చీరాల కచేరీకి రెండు వారాల ముందు బేసు మాస్టారి చేతిలో నేనొక చీటీ పెట్టాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అక్కకు తెలియదు. అమ్మానాన్నలకు తెలియదు. రోజూ రాసుకునే డైరీలో కూడా, ఆ రోజు పేజీలో, ఎండ ఎక్కువగా ఉందని, లైబ్రరీ పుస్తకం గడువు దాటిపోతోందని రాసి మూసేశాను.

ఆయన పోయిన నెల చనిపోయాడు. ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు వాయించే బాజీ అన్న మొన్న ఇంటికి వచ్చాడు.

"చెల్లెమ్మా, సంతాప సభ నాడు చిన్న పుస్తకం వేస్తన్నాం. ఒంగోలోళ్ళు రాస్తన్నారు, మంగళగిరోళ్ళు రాస్తన్నారు. నువ్వు రాయకపోతే ఎట్టా?"

"నాకేం తెలుసన్నా రాయడానికి."

"మాలో రాసేదానివి నువ్వొక్కదానివే గదా. మిగతావాళ్ళం బాదేవాళ్ళమే. ఆయన నోటుపుస్తకాలన్నీ నీ చేతిరాతేనాయె."

అందుకే రాస్తున్నాను. బాజీ అన్న వీటిని అచ్చు వేయిస్తాడో లేదో తెలియదు. మంచిమాటలే కావాలనుకుంటే ఇక్కడ ఆపేసి, మిగతా కాగితాలు నాకు తిరిగి ఇచ్చేయవచ్చు.

ఆయన పేరు రాయను. పన్నెండేళ్ళు మాతో తిరిగినా ఆయన మమ్మల్ని ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. అక్క పద్మ 'లేడీ వాయిస్'. బాజీ అన్న 'డ్రమ్ము'. అక్కకు తోడుగా వెళ్ళి మూల కూర్చుని చదువుకునేదాన్ని కాబట్టి నేను 'పుస్తకాలమ్మాయి'. ఆయన పద్ధతిలోనే ఆయన్ని బేసు మాస్టారు అంటాను. గారు పెట్టను.

మా వైపు ఆర్కెస్ట్రాల్లో అంతకుముందు బేసు గిటారు లేదు. కీబోర్డు ఆయన ఎడమ చేత్తో కింది స్వరాలు నొక్కి సరిపెట్టేవాడు. తొంభైల చివర ఈయన సత్తెనపల్లి వచ్చాడు, నాలుగు లావుపాటి తీగలున్న గిటారుతో. దాన్ని ఒంటరిగా వింటే పాటే కాదు, పక్క గదిలో ఎవరో బరువు జరుపుతున్నట్టు ఉంటుంది. పాట కింద పెడితే మాత్రం పాట నిలబడుతుంది. రెండేళ్ళు తిరిగేసరికి ఒంగోలు నుంచి మంగళగిరి దాకా ప్రతి ఆర్కెస్ట్రాకూ ఒక బేసు గిటారు కావలసివచ్చింది. అది వాయించేవాళ్ళందరూ ఈయన దగ్గర నేర్చినవాళ్ళే, లేదా ఈయన దగ్గర నేర్చినవాళ్ళ దగ్గర నేర్చినవాళ్ళు.

ఏం నేర్చుకున్నారో కూడా చెప్పాలి. ఒక ఏడాది ఆయన చూపుడువేలికి గోరుచుట్టు లేచింది. ఆ నెలంతా బొటనవేలు ఒక్కదానితో తీగలు మీటాడు. అప్పుడు చేరిన శిష్యులందరూ బొటనవేలితోనే నేర్చుకుని వెళ్ళారు. ఆయనకు గోరుచుట్టు నెలలో తగ్గింది. మా రెండు జిల్లాలకు ఇంకా తగ్గలేదు.

"మద్రాసులో ఉన్నప్పుడు" అని మొదలుపెట్టేవాడు ఏ మాటైనా. ఏ స్టూడియోలో అని ఎవరైనా అడిగితే తల వంచుకుని తీగ సరిచేసుకునేవాడు. ఆ తీగలను నెలకోసారి ఉడకబెట్టేవాడు. చెమట, మురికి పేరుకుంటే తీగ మొద్దుబారుతుందట. కొత్తవి మా ఊళ్ళో దొరకవు. ఆదివారం పొద్దున్నే వాటిని చుట్టగా చుట్టి మా ఇంటికి తెచ్చి, "అమ్మా, గిన్నె" అనేవాడు. మొదటిసారి అమ్మ పప్పుగిన్నె ఇచ్చింది. పొయ్యి మీద తీగలు మరుగుతుంటే వంగి చూసింది.

"ఏందండీ ఇది, సేమ్యాలా?"

"నా అన్నం" అన్నాడు, నవ్వకుండా.

తీగలు తీసి మా తువ్వాలు మీద ఆరబెట్టుకుని వెళ్ళిపోయేవాడు. తుప్పురంగు నీళ్ళు పారబోసి గిన్నె తోమేది నేను. ఆ గిన్నెలో అమ్మ మళ్ళీ పప్పు వండలేదు. అయినా ఆదివారం వస్తే దాన్నే తీసి పొయ్యి పక్కన పెట్టేది. పెద్ద విద్వాంసుడు మన ఇంటికి వస్తున్నాడని నాన్నకు గొప్పగా ఉండేది.

నాన్న పత్తి మిల్లులో మేస్త్రీ. మిల్లు వెనక పాత గోదాము రిహార్సలుకు ఇప్పించింది ఆయనే. రిహార్సలు తన మిల్లులోనే కాబట్టి అక్క పాడడానికి ఒప్పుకున్నాడు. అక్కకు అప్పుడు పంతొమ్మిది. నాకు పదహారు. ఆడపిల్ల ఒక్కతే వెళ్ళకూడదు కాబట్టి నేను పుస్తకం పట్టుకుని వెంట వెళ్ళేదాన్ని.

గోదాములో గోడల పొడవునా పత్తి బేళ్ళు. పత్తి శబ్దాన్ని తాగేస్తుంది. అక్క ఎంత గట్టిగా పాడినా గొంతు నాలుగడుగులు దాటేది కాదు. బేసు మాత్రం నేల కిందినుంచి వచ్చేది. బేలుకు వీపు ఆనించి కూర్చుంటే వెన్నులోకి ఎక్కేది. చేతిలో పుస్తకం వణికేది. ఎన్నిసార్లు చదువుతున్న పేజీ వదిలేసి కళ్ళు మూసుకున్నానో. ఆయన చెడ్డగా వాయించేవాడని రాయగలిగితే నా పని తేలికయ్యేది.

మిరప కోతల రోజుల్లో పక్క కళ్ళాల నుంచి ఘాటు గోదాములోకి కొట్టేది. అందరూ దగ్గేవాళ్ళు. అక్క పమిటచెంగు ముక్కుకు పట్టుకుని రెండో చరణం కోసం కాచుకునేది.

"ఘాటులో పాడినోళ్ళే పాటగాళ్ళు" అనేవాడు. "మద్రాసులో అయితే ఏసీలో పాడుకుంటారు. గొంతులో దమ్ముండదు."

ఆయన పెట్టిన నియమం ఒకటి ఉంది. పాట కేసెట్లో ఏ శ్రుతిలో ఉంటే వేదిక మీద అదే శ్రుతిలో ఉండాలి. పాడేవాళ్ళ గొంతును బట్టి కొంచెం దించుకోవడం, పెంచుకోవడం మిగతా ఆర్కెస్ట్రాల్లో మామూలే. కీబోర్డులో దానికి ఒక బటన్ ఉంది. బేసు గిటారు మీదయితే చెయ్యి ఒక గడి వెనక్కి జరిపితే చాలు. ఆయన ఒప్పుకునేవాడు కాదు.

"దేవుడి విగ్రహానికి ముక్కు పెద్దదయిందని చెక్కుతామా? ఒరిజినల్ ఒరిజినలే."

ఆ ఒరిజినల్ ఆయన టేపురికార్డరులోంచి వచ్చేది. మద్రాసు నుంచి తెచ్చుకున్న పెద్ద పెట్టె. ఒకసారి దాని మోటారు కాలిపోతే ఫ్యాన్లు బాగుచేసే షాపులో వేరే మోటారు వేయించాడు. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. రికార్డింగ్ షాపులో పాటలు నింపించిన కేసెట్లు అందులో పెట్టి, ఆపి ఆపి వింటూ, ఏ పాట ఏ శ్రుతి, ఎక్కడ ఏ స్వరం అని చెప్పేవాడు. నా చేతిరాత బాగుంటుందని నాతో రాయించేవాడు. పేజీ పైన కుడివైపు శ్రుతి అంకె వేసి గుండ్రంగా సున్నా చుట్టాలి. ఆ సున్నా చుట్టడం నాకు ఇష్టంగా ఉండేది. ఆ పుస్తకాలు శిష్యులు తీసుకుపోయి కాపీలు తీసుకునేవాళ్ళు. ఒంగోలులో ఎవరి దగ్గరో చూశాను, నా సున్నాలే.

అక్క ఇంట్లో రేడియోతో కలిసి పాడేది. అంట్లు తోముతూ, జడ వేసుకుంటూ, పై స్వరం దగ్గర కూడా తల తిప్పకుండా పాడేది. అదే పాట గోదాములో పాడితే మెడ నరాలు తేలేవి.

"ఇంట్లో వచ్చేది అక్కడ రాదేందే?" అనేది నాతో. "మాస్టారిని చూస్తే భయమేమో."

"అంతేనేమోలే అక్కా."

అప్పటికి నాకు అనుమానం మొదలైంది. రిహార్సలు ఎప్పుడవుతుందా అని నాన్న వాచీ చూసుకుంటూ కూర్చునేదాన్ని. అరవై నిమిషాల కేసెట్ ఒక వైపు అరగంట నడవాలి. ఆయన పెట్టెలో ఇరవై ఎనిమిది నిమిషాలకే టక్కున ఆగిపోయేది. అదే కేసెట్‌కు పక్కింటివాళ్ళ టేపురికార్డరులో అరగంట పట్టింది. రేడియో బాగుచేసే ఆయన్ని అడిగితే, "మోటారు స్పీడు ఎక్కువుంటే పాట తొందరగా అయిపోయిద్ది, శ్రుతీ పెరుగుద్ది. వెనకాల చిన్న స్క్రూ ఉంటదమ్మా, తిప్పితే సరి" అన్నాడు. లెక్క తేలింది. ఆయన ఒరిజినల్ అసలు ఒరిజినల్ కంటే అరశ్రుతి ఎక్కువ. నేను సున్నా చుట్టిన ప్రతి అంకె తప్పే. అరశ్రుతి చిన్న మాటలా ఉంటుంది. గొంతు చివరి మెట్టు మీద నిలబడ్డవాళ్ళకు దాని పైన ఇంకో మెట్టు లేదు.

ఈ మాట పైకి అనడానికి నాకు ఏడాది పట్టింది. మనుషుల ముందు నా నోరు పెగలదు. ఈలోగా అక్క ప్రతి కచేరీ తర్వాత రెండు రోజులు గుసగుసగా మాట్లాడేది. బాజీ అన్న ఒకసారి కల్పించుకున్నాడు.

"మాస్టారూ, పద్మకి ఈ పాట ఒక్కటి అరశ్రుతి దించుదామా? బటన్ నొక్కడమేగా."

"నొక్కు. నొక్కి నువ్వే వాయించుకో. నేను ఇంటికి పోతా."

ఎవరూ నొక్కలేదు.

అలా ఇంటికి పోవడం ఆయన నిజంగా చేసేవాడు కాదు. ఆయన చేసేది వేరే. పాడేవాళ్ళు ఎక్కడైనా తడబడితే బేసు ఆపేసేవాడు. చేతులు గిటారు మీదే ఉండేవి, వేళ్ళు కదిలేవి కావు. వినేవాళ్ళకు ఏం జరిగిందో తెలియదు. పాట ఉన్నట్టుండి బోలుగా అయిపోతుంది, నేల జారినట్టు. పాడే మనిషి గొంతే పోయిందనుకుంటారు. "పునాదిని ఎవడూ చూడడమ్మా. తీసేస్తే మాత్రం అందరూ చూస్తారు" అని ఆయనే అన్నాడు, శిష్యులకు పాఠం చెబుతూ.

చివరికి చీటీ రాశాను. మూడుసార్లు చూశానని, కేసెట్ ఇన్ని నిమిషాలకే అయిపోతోందని, వెనక స్క్రూ ఉంటుందట దయచేసి చూడండి అని. ఎనిమిది వరుసలు. మధ్యాహ్నం అందరూ టీకి వెళ్ళినప్పుడు ఆయన చేతికి ఇచ్చాను. చదివాడు. నాలుగు మడతలు పెట్టి గిటారు సంచిలో పెట్టుకున్నాడు.

"ఎవరికన్నా చెప్పావా?"

"లేదండి."

"మీ అక్కకి?"

"లేదండి."

"పక్కింటోళ్ళ దానికి బ్యాటరీలు అయిపోయి ఉంటాయి. మార్చుకోమను" అని తీగ సరిచేసుకున్నాడు. తల ఎత్తకుండా, "చేతిరాత బాగుందే, చీటీలో కూడా" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. బయటికి వచ్చి మిల్లు గోడ పక్కన నిలబడ్డాను. పోనీలే, ఆలోచిస్తాడేమో అనుకున్నాను. అంత మంచిగా అనుకున్నాను.

చీరాలలో గుడి ఉత్సవం. మగ్గాలు ఆపి నేతపనివాళ్ళు సాయంత్రమే చాపలు వేసుకుని కూర్చున్నారు. అక్క ఆ రోజు బాగుంది. మొదటి రెండు పాటలకు చప్పట్లు కొట్టారు. మూడోది పెద్ద పాట, చరణం చివర పైకి ఎక్కి అక్కడే నిలబడాలి. నేను వేదిక పక్క మెట్ల మీద ఉన్నాను. అక్క కళ్ళు మూసుకుని ఎక్కింది. ఎక్కి నిలబడింది. తడబడలేదు. నేను ప్రమాణం చేసి చెప్పగలను, అప్పటికి ఆమె తడబడలేదు.

ఆయన బేసు ఆపాడు.

అక్క తల తిప్పి చూసింది. ఆయన చేతులు గిటారు మీదే ఉన్నాయి. అక్కను చూడడం లేదు. మెట్ల మీద ఉన్న నావైపు చూస్తున్నాడు. అక్క తప్పు తనదనుకుంది. కింద ఏమీ లేదు కాబట్టి ఇంకా గట్టిగా పట్టుకుంది. గొంతు పాతబట్ట చిరిగినట్టు చిరిగింది. చాపల మీద ఎవరో అన్నారు, "ఏమ్మా, పోగు తెగిందా?" అని. చుట్టూ నవ్వారు. బాజీ అన్న ఏదో ఒకటి బాదుతూ పాటను ముగించాడు.

వ్యానులో ఆయన ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరగకుండా, "లేడీ వాయిస్ కి మిరియాల పాలు పట్టించండి" అన్నాడు.

గుంటూరు డాక్టరు అక్క గొంతులో రెండు కాయలున్నాయని, మూడు నెలలు మాట్లాడవద్దని అన్నాడు. అక్క నా పాత నోటుపుస్తకాల్లో రాసి చూపించేది. మొదటి రోజు రాసింది: "మాస్టారికి కోపం వచ్చిందా?" నేను రాయనక్కర్లేదు, నోరు ఉంది. అయినా ఏమీ చెప్పలేదు. మూడు నెలల తర్వాత గొంతు వచ్చింది కానీ పాట రాలేదు. ఈలోగా ఆయన సన్నని గొంతున్న ఇంకో అమ్మాయిని తెచ్చుకున్నాడు. అక్క ఇప్పుడు మంగళగిరిలో చీరల కొట్లో పనిచేస్తుంది. మడతలు విప్పి చూపిస్తూ మాట్లాడుతుంటే, కొనేవాళ్ళు "జలుబు చేసిందా అమ్మా?" అంటారు. అవునండి అంటుంది. ఇంట్లో రేడియో పెట్టదు. తనకు పెద్ద పాటలు పాడే గొంతు ఎప్పుడూ లేదని, చిన్నప్పుడు ఏదో మోజుపడ్డానని చెబుతుంది. ఆ మాట అన్న ప్రతిసారీ నేను లేచి ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోతాను.

తర్వాత సీడీలు వచ్చాయి. వాయిద్యాలన్నీ ముందే నింపిన సీడీ పెట్టి, పాట ఒక్కటే పాడే కచేరీలు మొదలయ్యాయి. సీడీకి మోటారు గొడవ లేదు, పాట తన అసలు శ్రుతిలోనే వస్తుంది. ఇప్పుడైనా అందరికీ తెలుస్తుందనుకున్నాను. బాజీ అన్న ఏమన్నాడో తెలుసా? "ఈ సీడీలన్నీ దొంగ సరుకు చెల్లెమ్మా. అరశ్రుతి తక్కువ వస్తన్నయ్." ఒంగోలులోనూ అదే అన్నారట. నోటుపుస్తకాలు తీసి చూసుకుని, సీడీలు తప్పని తేల్చి, కంప్యూటరు షాపులో ఇచ్చి అరశ్రుతి పెంచించుకున్నారు. అంత పేరు ఆయనది. బాజీ అన్నా, ఇది నువ్వు చదువుతుంటే, ఆయన పెట్టెలో కేసెట్ వేసి ఒకసారి గడియారం పెట్టి చూడు.

చివరిసారి ఆయన్ని చూసి రెండేళ్ళయింది. సత్తెనపల్లి బస్టాండులో, పొద్దున పదింటికి. గుంటూరు బస్సు కోసం నిలబడి పుస్తకం చదువుకుంటున్నాను. "పుస్తకాలమ్మాయ్" అని వినపడింది. చిక్కిపోయాడు. గిటారు సంచి జిప్పు పోయి తాడు కట్టి ఉంది. గుంటూరులో ఎవరికో నేర్పడానికి వెళ్తున్నానన్నాడు.

"మీ అక్క పాడుతోందా?"

"లేదండి."

"ప్చ్. అయిదు శ్రుతి గొంతమ్మా అది. అయిదుకి పాడించి ఉంటే మా అందరినీ తినేసేది. మొదటి రోజు గోదాములో నోరు తెరిచినప్పుడే నాకు తెలిసింది."

అయిదు శ్రుతి. ఆ పెద్ద పాటకు నేను నోటుపుస్తకంలో చుట్టిన అంకె అయిదున్నర. నా జీవితంలో ఆయన్ని నేను అడిగిన ప్రశ్న ఒక్కటే.

"మరి ఎందుకు దించలేదండి?"

ఆయనకు కోపం రాలేదు. నేనేదో పాఠంలో సందేహం అడిగినట్టు ఓపికగా చెప్పాడు.

"నీ చీటీ రాకముందే ఆ పెట్టె సంగతి నాకు తెలుసమ్మా. చెవులు లేవా నాకు? కానీ అప్పటికే ఇరవై మంది నా పుస్తకాలు చూసి వాయిస్తన్నారు. ఒక్క ఆడపిల్ల కోసం దించితే, మనం వాయించిందంతా తప్పని మనమే చెప్పినట్టు గాదూ? నువ్వూ నేనూ కూర్చుని రాసిన పుస్తకాలు. నువ్వు బయటపెట్టవని తెలుసులే. తెలివిగలదానివి."

గుంటూరు బస్సు వచ్చింది. జనం తలుపు దగ్గర తోసుకున్నారు. ఆయన ముందుగా కిటికీలోంచి చేతిరుమాలు సీటు మీదకు విసిరి, తర్వాత నెమ్మదిగా ఎక్కాడు. నేను కదల్లేదు. బస్సు బయలుదేరుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి, తన పక్క సీటు మీద పరిచిన రుమాలు తీస్తూ పిలిచాడు.

"రా అమ్మా. నీకూ చోటు పట్టాను."